లేబులు మీద లేని పేరు

ఈ ఉదయం పెరట్లో కుంకుడుకాయలు నానేసిన వాసన తగలగానే నాకు పాటలు గుర్తుకొచ్చాయి. కొత్తపేటలో మా పక్కింటి ఎస్తేరు టీచరుగారు గ్రామఫోను రికార్డులను కుంకుడు రసంతో కడిగేవారు. మా వైపు గాలిలో చెమ్మ ఎక్కువ. వానాకాలం వస్తే చాలు, వాటి మీద తెల్లగా బూజు పట్టేది. పసిపిల్లకు స్నానం చేయించినట్టు కడిగి, వరండాలో ఆరబెట్టి, సాయంత్రం ఎవరు ఏ పాట అడిగితే అది వేసేవారు. వీధంతా వినేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మస్కట్ నుంచి సెలవుకు వచ్చిన మావారు కంప్యూటరు కొనిపెట్టి వెళ్ళారు. పాడైపోతుందన్న భయంతో నేను దానికి గుడ్డ కప్పి ఉంచాను. సరిగ్గా అప్పుడే టీచరుగారి రికార్డు ప్లేయరు ముల్లు అరగడం మొదలైంది. అలాంటివి ఇక రావని దుకాణంలో చెప్పేశారట. ఆ ముల్లు పోయేలోగా పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించమని ఆవిడ నన్ను అడిగారు.

"నాకు చేతకాదండీ. ఏది నొక్కితే ఏమవుతుందోనని భయం," అన్నాను.

"అవనీవమ్మా లక్ష్మీ. నొక్కితేనేగా తెలిసేది," అంటూ ఆవిడే గుడ్డ తీసేశారు.

ప్లేయరును మా ఇంటికి తెచ్చి, కంప్యూటరుకు వైరు కలిపి కూర్చున్నాం. ఒక పాట ఎక్కాలంటే అది మొత్తం మోగాల్సిందే. ఆవిడ ప్రాణం పెట్టుకున్న రికార్డు ఒకటుంది, నాటకం పద్యాలది. పాడినవారి పేరు దాని లేబులు మీద ఉంది గానీ, వెనక హార్మోనియం వాయించినవారి పేరు లేదు. వాయించింది టీచరుగారి నాన్నగారు. ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే. ముందు అది ఎక్కిద్దామని బతిమాలాను.

"ఆయ్, ఎక్కిద్దాం. ముందు వీధిలోవాళ్ళు అడిగేవి అవ్వనీ. నాన్నగారిది నాకు నోటికొచ్చు. వాళ్ళ పాటలు వాళ్ళకి నోటికి రావు కదా."

నాకు ఒళ్ళు మండింది. అంత మంచితనం ఎవరు అడిగారని? ముల్లు అరిగి రోజురోజుకీ పాటల్లో గొంతులు సన్నబడుతూ వచ్చాయి. చివరికి నాన్నగారి వంతు వచ్చింది. పద్యం సగంలో ఉండగా కరెంటు పోయింది. ఆ పద్యంలో అంతవరకు ఎక్కింది కూడా పోయింది. నేను ఏడ్చేశాను. ఆవిడ మాత్రం రికార్డు తీసుకెళ్ళి మళ్ళీ శుభ్రంగా కడుక్కొచ్చారు.

"కరెంటు వచ్చేలోపు ఆరుద్ది. మళ్ళీ పెడదాం."

"ముల్లు చివరిదాకా ఆగుతుందంటారా అండీ?"

"ఆగకపోతే అప్పుడు ఏడుద్దాం, ఇద్దరం కలిసి."

ఆగింది. పాడేవారు ఊపిరి తీసుకునే చోట హార్మోనియం ఒంటరిగా లేచింది. కాస్త గరగరలాడినా నిండుగా లేచింది. వరండాలోకి వచ్చి నిలబడ్డ ఇరుగుపొరుగువాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇక ఈ పాటకు పేరేమిటని కంప్యూటరు అడిగింది. టీచరుగారు నన్ను కుర్చీలోంచి లేపి తాను కూర్చుని, ఒక్కో ఇంగ్లీషు అక్షరం వెతుక్కుంటూ 'అబ్రహాం గారి హార్మోనియం' అని కొట్టారు.

"ఇన్నాళ్ళకి ఎక్కేరమ్మా మా నాన్నగారు," అన్నారు తలెత్తి. ఆ రోజు ఆవిడ ముఖంలో ఉన్న గర్వం చూసి నాకూ గర్వంగా అనిపించింది.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ వీధిలోనే నేను కంప్యూటరు పాఠాలు చెబుతున్నాను. భయపడుతూ వచ్చిన ఆడవాళ్ళ చేత, వాళ్ళింట్లో ఎవరూ తలవని మనిషి పేరొకటి మొదట కొట్టిస్తాను. నా ఫోనులో ఆ పద్యం మోగినప్పుడల్లా తెర మీద ముందు వచ్చేది అబ్రహాం గారి పేరే.