దావీదు వినే చప్పుడు

ఒక ఎద్దు గురించి రాయడానికి ఆ పల్లెకు వెళ్లిన మాకు మొదట వినిపించింది ఒక చిన్న చప్పుడు. నాలుకను అంగిలికి ఆనించి వదిలితే పుట్టే చప్పుడు. ట్లక్, ట్లక్. చొప్పవామి వెనకనుంచి వస్తోంది. కాసేపు ఆగుతుంది. జవాబు కోసం చెవి ఒగ్గినట్టు ఆగి, మళ్లీ మొదలవుతుంది. తరువాత ఏలీయా కనిపించాడు, ఖాళీ చేతులతో, వెనక్కి అడుగులు వేస్తూ. అతనికి ఎదురుగా ఒక తెల్లని ఎద్దు నిలబడి ఉంది. అది కదలలేదు.

కంభం చెరువు నీళ్లు అందని మెట్టపల్లె అది. ఏలీయా, సంతోషమ్మ కందికోతలకీ మిరపకోతలకీ కూలికి పోతారు. సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఈ ఎద్దు. పుట్టిన కొత్తలోనే తల్లి చచ్చిపోతే, బతకదులే అని దాని రైతు ఏలీయాకు ఇచ్చేశాడు. వెదురుగొట్టంతో పాలూ గంజీ తాగించి బతికించుకున్నాడు. గొట్టం నోటికి అందించే ముందు నాలుకతో ఆ చప్పుడు చేసేవాడు. చప్పుడు ఎటు వినిపిస్తే దూడకు ఆకలి అటు తీరేది.

బైబిల్లో ఒక్క రాయితో గెలిచినవాడని దావీదు పేరు పెట్టాడు. సంతోషమ్మ తమ్ముడు కరుణాకరం నవ్వాడు.

"ఆ దావీదు రాయి ఇసిరినాడు. ఇది రాయి లాగాల. పని ఎక్కువే పెట్టినావు బావా."

కరుణాకరానికీ ఒక ఎద్దు ఉంది. రెండిళ్ల ఎద్దుల్ని కలిపి ఒక జత కట్టి బండలాగుడు పోటీలకు తోలుకుపోవడం ఈ వైపు పేదవాళ్ల పద్ధతి. తిరునాళ్లలో పెద్ద రాతిబండను ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. మిగతావాళ్లు ఎద్దుల వెనక చర్నాకోల ఝళిపిస్తారు. ఏలీయా ఎద్దుల ముందు వెనక్కి నడుస్తూ నాలుకతో పిలిచేవాడు. దావీదు ఆ చప్పుడు వెంట బండనంతా ఈడ్చుకుంటూ వచ్చేది, పాల కోసం వచ్చినట్టే.

ఆ ఏడు వానలు లేవు. మేఘాలు నల్లమల మీద కాసేపు కూర్చుని లేచిపోయాయి. చొప్ప అడుగంటింది.

"మనం పస్తుండొచ్చు, దాన్ని ఎట్ల పస్తు పెడతావయ్యా?" అంది సంతోషమ్మ. "కళ్లముందర ఎండిపోయేదానికంటే సంతలో కడితే ఎవరైనా మేపుతారు."

ఏలీయా మార్కాపురం పోయి, ఎరువుల దుకాణం శేషగిరిరావును కలిశాడు. పోటీలను లోకల్ కేబుల్ టీవీలో లైవ్ ఇస్తున్నారు. పెద్ద పెద్ద జతలకు పెద్ద పెద్ద దుకాణాలు స్పాన్సర్లు. శేషగిరిరావు ఆలోచించి ఒప్పుకున్నాడు. జతకు బహుమతి వస్తే ఏడాదంతా ఉలవలూ పత్తిచెక్కా ఆయనవే. ఎద్దుల వీపుమీద దుకాణం పేరున్న పసుపుగుడ్డ కప్పాలి. వాళ్లు లాగుతున్నంతసేపూ మైకులో దుకాణం ప్రకటన మోగాలి, టీవీలో వినపడేటట్టు.

"స్పీకర్ బాక్సు ఎక్కడ పెట్టిద్దామంటావు, ఏలీయా?" అని కూడా అడిగాడు, మర్యాదగా.

మెప్పించాలన్న ఆత్రంలో ఏలీయా అన్నాడు: "బండ తిప్పే మలుపు కాడ పెట్టియ్యండి శెట్టిగారూ. కెమెరా ఆడనే ఉంటాది."

ఉగాది దాటాక గిద్దలూరు వైపు ఒక తిరునాళ్ల. దావీదు మీద పసుపుగుడ్డ ఎండలో మెరిసింది. మొదటి సగం బండ జారలేదు, నీళ్లలా పారింది. కరుణాకరం ఎద్దు దావీదుతో అడుగు కలిపింది. తరువాత మలుపు వచ్చింది. అంతదాకా దూరంగా మోగిన బాక్సులోంచి పురుగుమందు పేరూ దుకాణం పేరూ ఇప్పుడు చెవి పక్కనే ఉరుముల్లా పడ్డాయి. దావీదు ఆగిపోయింది.

ఏలీయా నాలుక ఆడుతూనే ఉంది. ఆ చప్పుడు అతని నోటిలోనే మునిగిపోయింది. ఎద్దు చెవులు రెండూ ముందుకూ వెనక్కూ తిరిగాయి, చీకట్లో చేతులు తడుముకున్నట్టు. అతను ఎదురుగానే ఉన్నాడు. కానీ దానికి అతను చప్పుడు. చప్పుడు లేకపోతే అతను లేడు.

"బావా, టైం పోతాంది! ఏంది చూస్తా నిలబడినావు, కొట్టు!" కరుణాకరం చర్నాకోల అతని చేతిలో కుక్కాడు.

ఏలీయా బాక్సు వైపు చూశాడు. దాని పక్కనే శేషగిరిరావు కెమెరాకు నమస్కారం పెడుతూ నవ్వుతున్నాడు. ఆ మైకు ఆపండి అని ఒక్క కేక వేస్తే చాలు. వేస్తే ఉలవలు లేవు. ఉలవలు లేకపోతే సంత.

కొట్టాడు.

దావీదు ఎగిరిపడి లాగింది. రెండో బహుమతి వచ్చింది.

శేషగిరిరావు మాట తప్పలేదు. ఉలవల బస్తాలు ఆటోలో ఇంటి ముందు దిగాయి. కానీ ఛానెల్‌వాళ్లకు ఆ దెబ్బ బాగా నచ్చింది. వచ్చే పోటీల ప్రకటనకు దాన్నే వాడుకున్నారు. చర్నాకోల లేస్తుంది, పడుతుంది, ఎద్దు ఎగురుతుంది, పైన దుకాణం పేరు వెలుగుతుంది. పక్కింటి రోశమ్మ టీవీలో ఆ దెబ్బ పేలినప్పుడల్లా ఇక్కడ కొట్టంలో దావీదు ఉలిక్కిపడి పలుపు లాగేది.

"ఆపు రోశమ్మక్కా," అని సంతోషమ్మ గోడ మీదుగా బతిమాలేది. "ఈడ అది వింటాంది."

ఆ తరువాత ఏలీయా నాలుకతో పిలిస్తే దావీదు రాలేదు. తొట్టిలో ఉలవలు పోసి, ఎదురుగా నిలబడి పిలిచినా రాలేదు. అతను వెళ్లిపోయాక వచ్చి తినేది.

ఇంకో తిరునాళ్లకు శేషగిరిరావు కబురు చేశాడు. ఏలీయా దుకాణానికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మైకు లేకుంటే వస్తాను శెట్టిగారూ."

"మైకు లేకుంటే నాకేం మిగుల్తాదయ్యా? జనం నిన్నే చూస్తాండారు. ఆ దెబ్బ మళ్లా ఒక్కటి తగిలిచ్చు, చాలు."

ఏలీయా పసుపుగుడ్డ మడిచి బల్లమీద పెట్టి వచ్చాడు. దానితో ఉలవలు రావడం ఆగిపోయింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది చివరి బస్తా. సంత మాట సంతోషమ్మ మళ్లీ ఎత్తలేదు. పొద్దున్నే చెరువు గట్టుకు పోయి గడ్డి కోసుకొస్తోంది.

అతను రోజూ చొప్పవామి వెనక నిలబడి పిలుస్తున్నాడు. ఆ పొద్దు మేము చూస్తుండగా దావీదు ఒక చెవి ఇటు తిప్పింది. కాళ్లు కదలలేదు. ఏలీయా చాలాసేపు ఆ చెవినే చూస్తూ ఉండిపోయాడు. దారి దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు అన్నాడు:

"రాస్తే దాని పేరు రాయండి సార్, దుకాణం పేరొద్దు. కొట్టింది మాత్రం నేనేనని రాయండి."