మసక కళ్లతో వేసిన మైలవరం

పులివెందుల కంటాసుపత్రి వాళ్లు నన్ను రెండుసార్లు వెనక్కి పంపారు. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి, ముందు కుడి కంటికి ఆపరేషన్ చేస్తామన్నారు. తీరా వెళ్లి మంచం మీద కూర్చుంటే నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి, బీపీ చూసి, తల అడ్డంగా ఊపేది. ఇంకా ఆలస్యమైతే శుక్లం రాయిలా గట్టిపడుతుందనీ, అప్పుడు చూపు గురించి తాము మాట ఇవ్వలేమనీ డాక్టరు మొహం మీదే చెప్పారు. ప్రొద్దుటూరులో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన హెడ్మాస్టరును నేను. ఇంతమంది పిల్లల మార్కులు పెంచాను కానీ నా బీపీ అంకె ఒక్కటి దించలేకపోయాను. "నీకు కోపమెక్కువ, అందుకే" అనేది నా భార్య రమణమ్మ. అది కోపం కాదని నాకు తెలుసు. కంట్లో సూది పెడతారన్న భయం. బెత్తం పట్టుకుని బతికినవాడు సూదికి జడుస్తాడంటే ఊళ్లో పరువేముంటుంది? అందుకని కోపమనే ఒప్పుకున్నాను.

ధ్యానం చెయ్యమన్నారు, చేశాను. కళ్లు మూసుకోగానే మా గేటుకు అడ్డంగా స్కూటర్ పెట్టే పక్కింటాయన మొదలు పాలల్లో నీళ్లు కలిపే ఆవిడ దాకా అందరూ వరుసగా వచ్చి నిలబడేవాళ్లు. ధ్యానం ముగిసేసరికి నలుగురితో పోట్లాడి లేచేవాణ్ణి. ఇది చూడలేక, కడపలో ఉండే మా అమ్మాయి ఒక రంగుల పెట్టె, దళసరి కాగితాల పుస్తకం కొనిచ్చింది. "రోజూ కళ్ల ముందు కనిపించేది ఒకటి బొమ్మ వెయ్యి నాన్నా, కింద రెండు ముక్కలు రాయి. ఇది కళ్లు తెరుచుకుని చేసే ధ్యానం అనుకో" అంది.

మొదటిరోజు కాఫీ గ్లాసు వేశాను. రమణమ్మ చూసి "రోలు బాగుండాది" అంది. అయినా మానలేదు. గ్లాసు అంచు గుండ్రమే కానీ, కాగితం మీద దాన్ని కోడిగుడ్డులా సాగదీస్తే తప్ప గ్లాసులా కనబడదని ఆ రోజే తెలిసింది. పిల్లలచేత లెక్కలేనన్ని వృత్తాలు గీయించినవాణ్ణి, రోజూ తాగే గ్లాసును మాత్రం ఎన్నడూ చూడలేదు. గీస్తున్నంతసేపూ పక్కింటాయన గుర్తుకు రాలేదు. పైగా నా మసక కళ్లకు బొమ్మలన్నీ పొగమంచులో ఉన్నట్టు మెత్తగా కనబడేవి. చెప్పుకోకూడదు గానీ, గొప్పగానే వేస్తున్నానని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

మూడోసారి పిలుపు వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు ఎర్రగుంట్ల మీదుగా పోవచ్చు. కానీ ముందురోజు జమ్మలమడుగులో ఉన్న తన చెల్లెలింటికి పోయి, మైలవరం డ్యాం చూసి, మనసు కుదుటపడ్డాక పోదామని రమణమ్మ పథకం. చుట్టుదారే, అయినా నా బీపీ కోసం ఆర్టీసీకి ఆమాత్రం సమర్పించుకోవచ్చు. పొద్దున బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని తిన్నాం. బజ్జీ జోలికి రమణమ్మ పోనివ్వలేదు. ఏడు గంటల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ముందు సీటులో కూర్చున్న కుర్రాడి తల వెనకభాగాన్ని వేయడం మొదలుపెట్టాను. కదిలే బస్సులో బొమ్మ వేయాలనుకునేవాళ్లకు ఒక సలహా: రంగుల జోలికి పోకండి, పెన్సిలు చాలు. రంగు నీళ్లు నా పంచె మీద పడ్డాయి.

కుర్రాడు ఎందుకో తల తిప్పి పుస్తకంలోకి చూశాడు. "ఏంది సార్, అవి నా చెవులేనా?"

"అవును. బాలేవా?"

"కొంచెం తగ్గించు సార్. పెండ్లి సంబంధాలు చూస్తాండారు."

తగ్గించాను. అప్పుడు ఒక చెవి చిన్నదై ఇంకో చెవి మిగిలిపోయింది. అతను దిగేలోపు రెండోదాన్ని సరిచేయలేకపోయాను.

జమ్మలమడుగులో మరదలు రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. మధ్యాహ్నం మస్తాన్ అనే అతని ఆటోలో మైలవరం బయల్దేరాం. చాలా ఏళ్లు కువైట్‌లో బండి నడిపి వచ్చానని చెప్పాడు. "ఆడ రోడ్లు బాగుంటాయి మామా, నీళ్లు ఈడ బాగుంటాయి" అన్నాడు. డ్యాం కట్ట మీద నిలబడితే నీళ్లు నాకు బూడిద రంగులో కనబడ్డాయి. నీళ్లన్నాక నీలంగా ఉండాలి కదా అని పెట్టెలో ఉన్న నీలమంతా దట్టించాను. పక్కన వల సర్దుకుంటున్నాయన తొంగిచూసి మళ్లీ వల సర్దుకున్నాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

తిరిగి వస్తూ దారిలో ఒక పల్లె దగ్గర ఆగాం. రమణమ్మ మజ్జిగ అడగడానికి ఒక ఇంట్లోకి వెళ్లింది. నేను ఎదురింటి అరుగు మీద చేరి, ఆమె వెళ్లిన బండల మిద్దెనే వేయసాగాను. వాకిట్లో చెనిక్కాయలు ఒలుస్తున్న ముసలమ్మ కాసేపు నన్నే చూసి లేచి వచ్చింది.

"కొలతలు రాసుకుంటాండావాప్పా? మా ఊరు గూడా మునుగుతాదా?"

జలాశయాల కింద ఊళ్లు మునగడం ఈ వైపు జనానికి కొత్త కాదు. ఊరు ఖాళీ చేయించే ముందు ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని వచ్చి ఇల్లు, దొడ్డి, చెట్టూచేమా రాసుకుపోతారు. పుస్తకంలోకి ఎక్కనిదానికి పరిహారం రాదు. మరి ఇంటికేసి తేరిపార చూస్తూ గీతలు గీసే నన్ను ఇంకేమనుకుంటారు?

"కాదవ్వా, ఊరికే బొమ్మ వేసుకుంటున్నా" అన్నాను.

"ముందు అందరూ అట్లే అంటారులే. ఆ యెనక వసారా వదిలిపెట్టినావు, రాయి."

వసారా వేశాను. ఈలోగా మరో ముగ్గురు వచ్చారు. ఒకాయన తన బోరు చూపించాడు, ఇంకొకావిడ గొర్రెల దొడ్డి రాయమంది. "నేను ఆఫీసరును కాదు మహాప్రభో!" అని అరిచాను. అరిచేకొద్దీ వాళ్లకు నమ్మకం పెరిగింది. "అరుస్తాండాడంటే ఆఫీసరేలే" అన్నాడు బోరాయన. చెవుల్లో నెత్తురు కొట్టుకోవడం మొదలైంది. రేపటి బీపీ పట్టీ, నర్సమ్మ అడ్డంగా ఊపే తల గుర్తొచ్చాయి. పోట్లాడితే పులివెందుల పోవడం దండగ. పెన్సిలు చెక్కుకుని, వాళ్లు చూపించిందల్లా వేయడం మొదలుపెట్టాను.

వేస్తూ వేస్తూ ఉంటే విసుగు ఎటు పోయిందో తెలియదు. గోడలో ఏ రెండు రాళ్లూ ఒక్కలా లేవు. ఒక్కో రాయికీ ఒక్కో నీడ. గొర్రెల దొడ్డి కంపలో ఎక్కడో ఒక ఎర్ర గుడ్డపేలిక చిక్కుకుని ఉంది, దాన్ని కూడా వదల్లేదు. సూది, ఆసుపత్రి, పక్కింటాయన, ఎవరూ రాలేదు. చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి తీసుకున్నాను. తల ఎత్తేసరికి ఎండ వాలిపోయింది.

అప్పుడు, మజ్జిగ తాగి లోపలి ఆడవాళ్లతో కబుర్లలో పడ్డ రమణమ్మ బయటికి వచ్చి గుంపును చూసింది, సంగతి కనుక్కుంది. "ఈయప్ప ఆఫీసరు గాదవ్వా. రేపు కంటాపరేషను. సూదికి భయపడి బొమ్మలేసుకుంటాండాడు" అంది.

కోపమని ఊరంతా చెప్పింది ఈమే కదా!

ముసలమ్మ పడీపడీ నవ్వింది. "కండ్లు కనపడనోనితోనా నేను ఇల్లంతా రాయించినది!" తర్వాత నా భుజం తట్టింది. "నాకూ చేసినారుప్పా. చీమ కుట్టినంత గూడా లేదు. పో, భయపడాకు." చెనిక్కాయలు ఒడి నిండా పోసి పంపింది.

దారిలో అడిగాను, "భయమని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిసారే. నా చెయ్యి పట్టుకున్న్యావు గదా, అప్పుడే. పరువు పోతాదని నేనే కోపమని చెప్పినా."

మర్నాడు తెల్లవారి బస్సులో ముద్దనూరు మీదుగా పులివెందుల. రమణమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోతే ఆమె బొమ్మ వేశాను. ఆసుపత్రిలో పిలుపు వచ్చేదాకా ఒక కంటికి పట్టీ వేసుకుని బెంచీ మీద కూర్చున్నవాళ్లందరినీ గీస్తూ కూర్చున్నాను. నర్సమ్మ చేతికి పట్టీ చుట్టింది. నేను ఆమె గడియారం బెల్టుకు ఎన్ని చిల్లులున్నాయో చూస్తున్నాను. తల అడ్డంగా ఊపుతుందేమోనని ఎదురుచూశాను. నిలువుగా ఊపింది. లోపల సూది పెట్టారు కూడా. ముసలమ్మ అబద్ధం చెప్పింది, చీమ కుట్టినదానికన్నా ఎక్కువే. కానీ కేక వేయలేదు. వేశానని రమణమ్మ అంటుంది.

రాత్రి అక్కడే వసతి గదిలో ఉండి, పొద్దున పట్టీ విప్పించుకున్నాం. గోడ ఇంత తెల్లగా ఉంటుందా! ఆకాశం ఇంత నీలమా! వారం రోజులు తల వంచి ఏ పనీ చేయకూడదని హెచ్చరించి, నల్లద్దాలు ఇచ్చి పంపారు.

తిరుగు బస్సు వేముల దాటాక ఆశ ఆపుకోలేక పుస్తకాన్ని చేతులు చాచి పట్టుకుని, నల్లద్దాలు ఎత్తి చూశాను. కాఫీ గ్లాసు నిజంగానే రోలు. మైలవరం నీళ్లు బట్టలకు వేసే నీలిమందు డబ్బా బోర్లించినట్టున్నాయి. మిద్దెలు ఒక్కటీ నిలువుగా లేవు, ఆ కొలతలతో పరిహారం ఇస్తే పల్లె మొత్తం దివాలా తీసేది. ఆ తర్వాతి పేజీలో రమణమ్మ. నున్నటి గుండ్రటి మొహం, నల్లటి జుట్టు. పక్కకు తిరిగి ఆమెను చూశాను. కళ్ల కింద నల్లటి గుంటలు. నుదుటి మీద, నోటి పక్కన సన్నటి ముడతలు. పాపిట పొడుగునా తెలుపు. నేను సూది తలుచుకుని మేలుకున్న రాత్రులన్నీ ఈమె కూడా మేలుకునే ఉందని ఆ మొహం చూస్తే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

"కంట్లో నీళ్లు పెట్టుకోకూడదన్న్యారు" అంది. "ఏంది, అట్ల జూస్తాండావు?"

"ఈ ముడతలన్నీ ఎప్పుడొచ్చాయి?"

"అవి శానా దినాల నుంచి ఉండాయి. నువ్వే సూళ్లా."

పెన్సిలు తీయబోతే లాక్కుని సంచిలో వేసింది. సరేనని ఉత్త కళ్లతోనే, ఒక్కొక్క గీతా చూస్తూ కూర్చున్నాను. "బయట జూడప్పా, బస్సులో జనం నవ్వుతారు" అని రెండుసార్లు కసిరింది. ప్రొద్దుటూరు వచ్చేదాకా నేను కిటికీ వైపు చూడలేదు.