కుప్పం కోడలి చేతి కూడు

మీ ఇంట్లో పెద్దామెకు ఉన్నట్టుండి మతి తప్పితే, మీ కళ్లు మొదట ఎవరి చేతుల మీద పడతాయి? నిజం చెప్పండి. మావాళ్ల కళ్లు కోడలి చేతుల మీద పడ్డాయి.

పుంగనూరు దగ్గరి పల్లెలో మా చిన్నమ్మ తాను రోజూ పాలు పిండే ఆవును చూసి, ఇది ఎవరిదని అడిగింది. నెల తిరిగేసరికి నడక తడబడింది. గిన్నె కింద పడ్డ చప్పుడుకే ఒళ్లంతా ఎగిరిపడేది. కొడుకు పెళ్లాం కుప్పం పిల్ల, కాపురానికొచ్చి ఏడాది. వంట ఆమెదే. ఇంకేం కావాలి? రాగి సంగట్లో మందు పెట్టిందన్నారు.

మా పక్క దీనికొక పద్ధతి ఉంది. మందు పెట్టినారని అనుమానం వస్తే, కక్కించేవాడి దగ్గరికి తీసుకుపోతారు. అతను ఆకుపసరు తాగిస్తాడు. కక్కినదాంట్లోంచి వెంట్రుకల ఉండ తీసి, ఇదే ఆ మందు అంటాడు. మదనపల్లె నుంచి నేను పోయేసరికి ఆ ఉండ పళ్లెంలో ఉంది.

"సూడన్నా, నువ్వు నమ్మవు కదా! కండ్లెదురుగా ఉండాది" అంది చిన్నమ్మ కూతురు.

"కడుపులోంచి వచ్చినదానికి పసరన్నా అంటలేదే? పొడిగా ఉండాది. ఆయప్ప రొంటిన, పంచె మడతలో, ఇంకెన్ని ఉండాయో ఎతికినారా?" అన్నాను.

"నీ ఉపన్యాసం మదనపల్లెలో చెప్పుకోప్పా. బేస్తవారం ఆ కోడల్ని కుప్పానికి పంపించేస్తాండాం."

కోడలు పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని ఉంది. 

బేస్తవారం లోపలే చిన్నమ్మనూ ఆమె కొడుకునూ బెంగుళూరుకు తీసుకుపోయాను. పరీక్షలన్నీ చూసి నరాల డాక్టరు చెప్పాడు. మెదడులోని ఒక ప్రోటీన్ వంకరగా ముడుచుకుంటుందట, పక్కవాటినీ అలాగే ముడుస్తుందట. దాన్ని ప్రియాన్ అంటారు. విషం కాదు, క్రిమీ కాదు. మెదడు స్పాంజిలా చిల్లులు పడుతుంది. నయం చేసే మందు లేదు.

ప్రియాన్ అనగానే నాకు విదేశాల్లో ఆవులకొచ్చిన పిచ్చి, వాటి దాణాలో కలిపిన ఎముకల పొడి గుర్తొచ్చాయి. చిన్నమ్మ ఆవుకు దాణా పలమనేరు నుంచి వస్తుంది. "ఆ దాణా వ్యాపారిని పట్టుకోవాలి డాక్టర్!" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ ఇంట్లోవాళ్లు కోడలు పెట్టిందంటారని మీరే చెప్పారు, ఇప్పుడు మీరు వ్యాపారి పెట్టాడంటారు. తేడా ఏముంది సార్? ఆవుల నుంచి వచ్చే రకం వేరు, ఈమెది అది కాదు. ఎక్కువమందికి ఇది దానంతటదే వస్తుంది. ఎవరూ పెట్టరు."

చెంప మీద కొట్టినట్టయింది. ఏళ్లుగా సభల్లో ఆధారం చూపించమని గొంతు చించుకున్నవాణ్ణి, ఒక్క మూట విప్పి చూడకుండానే దొంగను తేల్చేశాను.

చిన్నమ్మ కొడుకు పెళ్లాన్ని కుప్పానికి పంపలేదు. చిన్నమ్మ బతికిన మూడు నెలలూ చెంచాతో గంజి పోసింది ఆ కోడలే. పెద్దకర్మ రోజు ఆమె వండిన అన్నం చుట్టాలెవరూ ముట్టలేదు. ఒకరికి కడుపు బాగలేదు, ఇంకొకరికి ఒక్కపొద్దు. నేను కూర్చుని రెండుసార్లు వడ్డించుకున్నాను. చిన్నమ్మ కూతురు వాకిట్లో నిలబడి, నేనెప్పుడు పడిపోతానా అని చూస్తూనే ఉంది. ఇప్పటికీ ఆమె ఆ ఇంట్లో నీళ్లు తాగదు.

మీ ఊళ్లోనూ అలాంటి వంటిల్లు ఒకటుంది. అది ఎవరిదో మీకు తెలుసు. రేపే పోండి. నలుగురూ చూస్తుండగా ఆమె చేత వడ్డించుకుని తినండి.