మామ గడియారంలో అల్లుడి మిషను

నంద్యాలలో జయరాజూ నేనూ ఒకే బడిలో పంతుళ్లం. ఆయన లెక్కలు చెప్పేవాడు, నేను ఇంగ్లీషు. కాన్వెంటులో సిస్టర్లు నాకు ఇంగ్లీషు ఎంత నేర్పారో కథలు అల్లడం కూడా అంతే నేర్పారు. ఆలస్యంగా వెళ్లిన ప్రతి రోజూ వాళ్లకు ఒక కొత్త కారణం చెప్పాల్సి వచ్చేది మరి.

బడి గంట కొట్టాక జయరాజుది వేరే లోకం. కిటికీ పక్కన చిన్న బల్ల, కంటికి బిగించుకునే భూతద్దం, సన్న పట్టకారు, చుట్టూ విప్పిన గడియారాలు. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. అది ఆయనకు బతుకుతెరువు కాదు, సరదా. అందులోనూ ఒక గడియారం డబ్బీలో ఇంకో గడియారం మిషను కూర్చోబెట్టడమంటే ప్రాణం. ఒకసారి ఆడవాళ్ల చేతివాచీ మిషనును అలారం టైంపీసులో పెట్టి నడిపించాడు. ఏనుగు కడుపులో ఎలుక అని దానికి పేరు పెట్టాను. ఆ ఎలుక నడిపిన ఏనుగు రైలు టైము కంటే ఖచ్చితంగా ఉందని బడంతా చెప్పి వచ్చింది కూడా నేనే. నిజానికి అది రోజుకు పావుగంట వెనక నడిచేది.

ఆయన మామ కృపావరం ఆళ్లగడ్డలో చర్చి గంట కొట్టేవాడు. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు, ఆదివారం ప్రార్థనకు ముందు రెండుసార్లు. ముప్పై ఏళ్లుగా ఆ తాడు ఆయన చేతిలోనే ఉంది. ఆయన గంట విని పాణ్యం స్టేషన్లో రైలు కదిలేదని నేను చాలామందికి చెప్పాను, కొందరు నమ్మారు కూడా. అంతదూరం వినపడకపోయినా ఆ వీధుల్లో కలుపు కూలికి పోయే ఆడవాళ్లు మాత్రం ఆ గంట విన్నాకే సద్ది కట్టుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. వాళ్లను తీసుకుపోయే ట్రాక్టరు ఆరున్నరకు వచ్చేది.

కళ్లలో నీటికాసులు వచ్చి ఆయన చూపు పోయి అప్పటికి ఆరేళ్లు. అయినా తాడు వదల్లేదు. మిషనరీ దొర ఇచ్చిపోయిన వెండి జేబుగడియారం ఒకటి ఉండేది ఆయన దగ్గర. దాని అద్దం తీసేయించి, పైన మూత మాత్రం ఉంచుకున్నాడు. మూత తెరిచి, చూపుడువేలితో ముళ్లను తడిమి టైము చెప్పేవాడు. నిమిషం తప్పేది కాదు. తన గడ్డం తనే గీసుకునేవాడు, తన అన్నం తనే కలుపుకునేవాడు. "దేవుడు నా కండ్లు తీసి ఏళ్లకు పెట్టినాడప్పా" అని వేళ్లు ఆడించి చూపేవాడు.

1981 వేసవిలో ఆ గడియారం ఆగిపోయింది. కృపావరం దాన్ని రుమాలులో చుట్టి అల్లుడి చేతికిచ్చాడు.

"బజార్లో ఎవురికీ ఇయ్యొద్దు జయరాజూ. నువ్వే చెయ్. నీ చెయ్యి మీద నాకు గురి."

నంద్యాల బజారులో గడియారాలు బాగుచేసే శేషయ్యకు జయరాజు దాన్ని చూపించాడు, ఇవ్వలేదు. లోపల ఊగే చక్రం ఇరుసు విరిగిందనీ, ఆ ముక్క మద్రాసు నుంచి రావాలనీ, మూడు నెలలు పడుతుందనీ శేషయ్య చెప్పాడు. "అంతవరకూ దాన్ని ముట్టుకోవాకండి అయ్యవారూ. వెంట్రుకంత స్ప్రింగు ఉంటాదాడ" అని కూడా అన్నాడు.

జయరాజు ముట్టుకున్నాడు. వెంట్రుకంత స్ప్రింగు మెలికపడి ముద్దయిపోయింది. మర్నాడు బడిలో ఆయన మొహం చూసి ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందనుకున్నాను.

"మామకు చెప్పెయ్" అన్నాను.

"ఏమని చెప్పేది? నీ ప్రాణం నా చేతిలో పెడితే నలిపేసినానని చెప్పాల్నా?"

చెప్పలేదు. ఒక పాత చేతివాచీ మిషను తీసుకుని ఆ వెండి డబ్బీలో బిగించడం మొదలుపెట్టాడు. మిషను చిన్నది, డబ్బీ పెద్దది. పగిలిన ఇత్తడి చెంబు అంచు కోసి, ఆకురాయితో అరగదీసి, మిషను చుట్టూ ఉంగరంలా పెట్టాడు. కీ పుల్లను సాగదీసి అతికించాడు. నెలరోజుల పని. ముళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇరుక్కుపోయాడు. కొత్త ముళ్లు పెట్టడానికి లేదు. పాత ముళ్ల కొనలు ఆకుల్లా ఉండేవి, మామ వేలికి ఆ ఆకారం తెలుసు. పాతవి పెడదామంటే వాటి బెజ్జాలు పెద్దవి, కొత్త మిషను ఇరుసు సన్నం. చిన్న ముల్లును ఎలాగో నొక్కి బిగించాడు. పెద్ద ముల్లు నిలవలేదు.

నేను అప్పుడు పక్కనే ఉన్నాను, సిగరెట్టు కాలుస్తూ.

"ఆ పెట్టె ఇట్లియ్యి" అన్నాడు.

నా సిగరెట్టు పెట్టెలోంచి తగరపు కాగితం చించి, ఆవగింజంత ముక్కను బెజ్జంలో కూరి, ముల్లును ఇరుసు మీద నొక్కాడు. నిలిచింది. గడియారాన్ని బల్లమీద పెట్టి ఇరవై రోజులు చూశాడు. రేడియోతో సరిపోయింది. ఆయన భార్య దెబోరా చూసి "అచ్చం నాయన గడియారమే" అంది. ఆమెకు కూడా లోపలి సంగతి చెప్పలేదు.

ఆళ్లగడ్డకు బస్సులో ఇద్దరం కలిసి వెళ్లాం. కృపావరం గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"ఏందప్పా, దీని నడక మారింది. ముందు ముసలోడి మాదిరి నడిచేది. ఇప్పుడు పిల్లోడి మాదిరి పరిగెత్తాండాది."

జయరాజు నేల చూశాడు. నేను ఊరుకుంటే సరిపోయేది. నోరు ఊరుకోలేదు.

"జర్మనీ నూనె పోశాడు పెద్దాయనా. విమానాలకు వాడేది. ఒక్క చుక్క పడితే ఆగిన బావి గిలక కూడా తనంతట తనే తిరుగుతుంది."

ముసలాయన పడీపడీ నవ్వాడు. "అయితే ఇంగొక సుక్క నా మోకాళ్లకు పొయ్యండి అయ్యవారూ." భార్య జీవమ్మను పిలిచి ఆమెకూ చెప్పాడు. ఆ రోజు నుంచి చెవి చెప్పిన మాట పక్కన పెట్టి నా మాట నమ్మాడు.

రెండు నెలలు బాగానే నడిచింది. తరువాత చర్చి గంట వేళకు ముందే మోగడం మొదలైంది. మొదట ఐదు నిమిషాలు, ఆ తరువాత పది. ఒక ఆదివారం పాస్టరు గారు ఇంకా స్నానం చేస్తుండగానే కృపావరం రెండో గంట కొట్టేశాడు. పక్కింటివాళ్ల రేడియో పెట్టించుకుని సరిచేయించుకునేవాడు, నాలుగు రోజులకు మళ్లీ అదే తంతు. గడియారాన్ని నంద్యాలకు పంపాడు. జయరాజు ఎనిమిది రోజులు బల్లమీద పెట్టుకుని చూశాడు. నిమిషం తేడా లేదు. కీ ఇచ్చేటప్పుడు మామే పొరపాటున ముల్లును కదుపుతున్నాడని అనుకున్నాడు. "గడియారంలో ఏ దోషమూ లేదు" అని చీటీ రాసి పంపాడు.

ఆ చీటీ చేసిన చెడుపు అంతా ఇంతా కాదు. గడియారంలో దోషం లేకపోతే దోషం ఎవరిలో ఉన్నట్టు? ముసలాయన బుర్ర చెడిందన్నారు. ఆయన కూడా భయపడ్డాడు. భయం కొద్దీ ఇంకా ఎక్కువసార్లు మూత తెరిచి తడమసాగాడు.

డిసెంబరులో, మంచు కురుస్తున్న పొద్దున, ఆరు గంటల గంట ఐదూ ఇరవైకే మోగింది. కూలి ఆడవాళ్లు రోడ్డు మీదికి వచ్చి గంటకు పైగా చలిలో నిలబడ్డారు. వాళ్లలో ఏసమ్మ చంటిబిడ్డను కొంగులో చుట్టుకుని వచ్చింది. ఆ సాయంత్రానికి బిడ్డకు రొమ్ము పట్టేసి ఊపిరాడలేదు. ఆసుపత్రిలో వారం ఉంచారు. బిడ్డ బతికింది కానీ ఏసమ్మ ఊరుకోలేదు. సంఘ పెద్ద శాంతయ్య ఇంటిముందు నిలబడి అరిచింది.

ఆ తరువాతి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో పంచాయితీ పెట్టారు. తాడు కృపావరానికి ఉంచాలా, వేరేవాళ్లకు ఇవ్వాలా అన్నదే మాట. జయరాజు బాగుచేసినవాడు కాబట్టి రమ్మన్నారు. నేనూ వెంట వెళ్లాను.

శాంతయ్య చెడ్డవాడు కాదు. పొద్దున రేడియోతో సరిచేసి తన దగ్గరే ఉంచుకున్న గడియారాన్ని ముందు తెరిచి అందరికీ చూపించాడు. తన చేతివాచీ పక్కన పెట్టాడు. రెండింట్లోనూ పదీ ఇరవై.

"సూసినారు గదా. గడియారం సరిగ్గానే ఉంది. ఇంగ నువ్వు సెప్పు కృపావరమన్నా, టైం ఎంత?"

ముసలాయన గడియారం అందుకున్నాడు. మూత తెరిచి, వేలిని పైనుంచి కిందికి జరుపుతూ పెద్ద ముల్లును వెతికాడు. జయరాజు ఆయన భుజం పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడు చూశాడు. వేలు తగిలిన ముల్లు, నాలుగు అంకె దగ్గర ఆగి ఉన్న ముల్లు, వేలితో పాటే మెత్తగా జారి ఏడు దాకా వెళ్లింది.

"పదీ ముప్పై ఐదు" అన్నాడు కృపావరం. అలవాటు చొప్పున టక్కున మూత వేశాడు.

అందరూ నిట్టూర్చారు. వెనక ఎవరో ఆడమనిషి ఏడ్చింది, జీవమ్మే అయివుంటుంది. జయరాజు నోరు తెరిచాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. నోరు మూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. బల్లమీద పెట్టి ఇరవై రోజులు, తరువాత ఎనిమిది రోజులు కళ్లతో చూశాడు. ఒక్కసారి కూడా వేలితో ముట్టుకుని చూడలేదు. ఆ గడియారం చూసేవాడిది కాదు, ముట్టుకునేవాడిది.

తాడు పరంజ్యోతి అనే కుర్రవాడికి ఇచ్చారు.

నంద్యాల పాత బస్టాండులో బస్సు దిగాక జయరాజు ముల్లు జారిన సంగతి చెప్పాడు. నేను ఊరడించబోయాను. "మా కాన్వెంటులో అయితే చేసిన తప్పును తెర వెనక ఫాదర్ చెవిలో ఊది వచ్చేవాళ్లం. ఎవరికీ తెలిసేది కాదు" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

రెండు వారాలు జయరాజు గడియారాల బల్ల దగ్గర కూర్చోలేదు. ఆళ్లగడ్డ నుంచి దెబోరా కబురు తెచ్చింది. నాయన గడ్డం గీసుకోవడం మానేశాడట. కంచంలో ఏది పప్పో ఏది పచ్చడో తెలియడం లేదని అన్నం అమ్మ చేతే కలిపించుకుంటున్నాడట. "కండ్లు పోయినప్పుడు గూడా నాయన ఇట్ల కాలేదు. ఇప్పుడు ఏళ్లు గూడా పాయనంటాడు" అని ఏడ్చింది. అప్పుడు జయరాజు ఆమెకు మొత్తం చెప్పాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "చీటీ గూడా రాస్తివే" అంది.

మర్నాడే ఆళ్లగడ్డ వెళ్లాం. కృపావరం నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, మాసిన గడ్డంతో. జయరాజు నిలబడే చెప్పాడు. ఇరుసు, స్ప్రింగు, చెంబు అంచు, తగరపు కాగితం, వసారాలో జారిన ముల్లు. ఏదీ దాచలేదు, ఒక్క జర్మనీ నూనె తప్ప. అది నన్ను చెప్పమని వదిలేశాడు. నేను చెప్పలేదు.

ముసలాయన తల ఎత్తలేదు.

"అయితే ఏళ్లు బాగనే ఉండాయంటావు?"

"బాగున్నాయి మామా."

"నేను సెప్పిన టైం ఆ ముల్లు సూపిన టైమేనా?"

"అదే మామా."

"జీవమ్మా! కత్తి యాడుందే? తే."

జయరాజు గోడకు అంటుకుపోయాడు. నేను గడప దాటి బయటికి వచ్చేశాను, అబద్ధం ఎందుకు. జీవమ్మ తెచ్చింది గడ్డం కత్తి. దాంతో పాటు ఒక గిన్నెలో నీళ్లు, సబ్బు. ముసలాయన నురగ రాసుకుని, ఒక చేత్తో చెంప లాగి పట్టుకుని, గీయడం మొదలుపెట్టాడు. ఒక్క గాటు పడలేదు.

సగం గడ్డం అయ్యాక అన్నాడు. "నా ఇంట్లో నా సెవిలో సెప్తే ఏం లాభమప్పా? తాడు నలుగురి ముందర పాయ. నలుగురి ముందరే సెప్పు. వచ్చే ఆదివారం."

చెప్పాడు. ప్రార్థన అయ్యాక లేచి నిలబడి, లెక్క చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. కొందరు నవ్వారు. ఏసమ్మ మాత్రం లేచి, "నా బిడ్డ ఊపిరాడక కొట్టుకున్యాది ఒగ సిగరెట్టు కాగితానికా అయ్యవారూ?" అంది. వెనక బల్లమీద ఆ సిగరెట్లు కాల్చిన మనిషి కూర్చుని ఉన్నాడు. అతను లేవలేదు. నూనె మాట ఇన్నేళ్లకు ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను.

తాడు మళ్లీ కృపావరానికి ఇచ్చారు. శాంతయ్యే తెచ్చి చేతిలో పెట్టాడు. జయరాజు ముల్లుకు ఇత్తడితో సన్నటి గొట్టం చేసి బిగించాడు. ఈసారి బల్లమీద పెట్టి చూడలేదు. రోజూ సాయంత్రం కళ్లకు తువ్వాలు కట్టుకుని, మూత తెరిచి, వేలితో ముళ్లను తోసి తోసి చూసేవాడు. తాను ఒక్కసారి కూడా టైము సరిగ్గా చెప్పలేకపోయాడు కానీ ముల్లు కదల్లేదు.

గడియారం ఆ తరువాత ఎన్నడూ తప్పలేదు. కృపావరమే మారాడు. తాడు దగ్గర నిలబడి, మూత తెరిచి తడుముతాడు. మూత వేస్తాడు. మళ్లీ తెరుస్తాడు. "జీవమ్మా, వెలుతురు యాడికొచ్చింది?" అని అరుస్తాడు. "గడప కాడికొచ్చింది" అని ఆమె చెప్పాకే తాడు లాగుతాడు. 1987లో పోయేదాకా అంతే. గంట రోజూ రెండు నిమిషాలు ఆలస్యంగా మోగేది.

ఆదివారాలు జయరాజు ఆళ్లగడ్డలో ఉంటే, మొదటి గంట సమయానికి చేతి గడియారం చూసుకునేవాడు. ఎనిమిది అయ్యేది. గంట మోగేది కాదు. చెయ్యి కిందికి దించి, తల వంచుకుని, ఆ రెండు నిమిషాలూ నిలబడేవాడు.