ఊ కొడితేనే కదిలే ఆట

నలభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. పగలంతా ఆర్మూర్ మార్కెట్ యార్డులో పొడుగాటి పసుపు కొమ్ములూ గుండ్రటి గోళాలూ వేరుచేసే కూలి, సాయంత్రం పెర్కిట్‌లో ఒక గదిలో చదువు. చేతులు ఎంత కడుక్కున్నా నా పలక అంచులు పచ్చగా ఉండేవి. మాకు చదువు చెప్పే అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చింది. నా కూతురి వయసుది. మేము ఆమెను మేడం అనేవాళ్లం, ఆమె మమ్మల్ని అక్కా అనేది.

ఒకరోజు ఆమె మా ఇళ్లల్లో ఎవరికి ఏ విద్య వచ్చో చెప్పమంది. పక్కామె బీడీలు చుట్టడం అంటే అందరూ నవ్వారు, అది రానివాళ్లు అక్కడ లేరు. నేను మా అన్న మొకాల సంగతి చెప్పాను. మేము నాయకపోళ్లం, అడవిబిడ్డలం. తేలికైన పొనికి కట్టెను చెక్కి, రంగులు వేసి మొకాలు చేయడం, వాటిని ఒక్కొక్కటిగా చేతబట్టి కథ చెప్పడం మా నాయన దగ్గర అన్న నేర్చుకున్నాడు. అప్పటికి ఆ పని వదిలేసి యార్డులోనే హమాలీగా బస్తాలు మోస్తున్నాడు. మొకాలు గోనె సంచిలో అటక మీద ఉన్నాయి. రోడ్డు మీద హోటల్ పెట్టినాయన వాటిని గోడకు తగిలించుకుంటానని అడిగితే, పసుపు సీజన్ అయ్యాక ఇస్తానని అన్న మాటిచ్చాడు. వినేవాళ్లు లేని కథకు మొకాలెందుకని అతని బాధ. మా నాయనా అన్నా చెక్కిన మొకాలు అన్నం తినేవాళ్ల తలల మీద వేలాడతాయని తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

మేడం వాళ్ల సంస్థ ఆ ఏడే మా గదిలో ఒక కంప్యూటర్ పెట్టింది. అడవిబిడ్డల బొమ్మలతో, కథలతో వాళ్లచేతనే కంప్యూటర్ ఆటలు చేయిస్తామని ఆమె చెప్పింది. నాకు సగమే అర్థమైంది. అయినా అన్నను బతిమిలాడి, సంచితో సహా తీసుకొచ్చాను. మొకాలు టీవీలో గంతులేస్తాయా అని దారంతా నన్ను ఎగతాళి చేస్తూనే వచ్చాడు.

మేడం ఒక్కో మొకాన్నీ ఫొటో తీసి కంప్యూటర్‌లో పెట్టింది. మా కథలోని అయిదుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడి మొకం తెర నిండా వచ్చింది. ఆమె ఏదో చేసింది. వాడి కళ్లు మెల్లగా పక్కకు తిరిగాయి. అన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తెర దగ్గరికి వంగి అన్నాడు:

"గిట్ల చూడాలనే చెక్కిన. గిన్నేండ్లకు చూసిండు."

ఆ తర్వాత అన్నే ఆమె పక్కన కూర్చుని, వాడు అడవిలో తప్పిపోయినవాడు గనుక తిన్నగా చూడడని, కనుబొమ్మ జర దించమని చెప్పసాగాడు. బస్తాలు మోసిన చేతిలో మౌస్ కనిపించేదే కాదు.

కథ రికార్డు చేసే రోజు కిటికీలు మూశాం. చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపేశారు. ఎవరూ గొంతు కూడా సవరించుకోవద్దని మేడం వేలు పెదాల మీద పెట్టి చూపింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అన్న మొదలుపెట్టాడు. చిన్నవాడు గడ్డలు తవ్వడానికి గుట్ట ఎక్కేదాకా వచ్చి ఆగిపోయాడు. మళ్లీ చెప్పాడు, మళ్లీ అక్కడే ఆగాడు. చెమటలు కారుతున్నాయి. మేడం నీళ్లిచ్చి, ఇంకోరోజు చూద్దామంది. అన్న తల అడ్డంగా ఊపి మొకాలను సంచిలో వేయడం మొదలుపెట్టాడు.

"వద్దు బిడ్డా. కథ నన్నిడిసి పోయింది. ఓటలాయనకే ఇచ్చేస్త."

అంతకుముందు రోజే యార్డు నుంచి నడిచి వస్తూ ఆ కథంతా నాకు చెప్పాడు, ఎక్కడా తడబడలేదు. అదే అన్నాను. అన్న నా వైపు చూసి, నా నోటి మీది కొంగు చూసి, కోపంగా అన్నాడు:

"నువ్వు నోరు కట్టుకుంటివి. ఊ కొట్టకపోతే నేనెవలికి చెప్పాలె చెల్లె?"

చిన్నప్పుడు నాయనకు, ఆ తర్వాత అన్నకు ఊ కొట్టింది నేనే. నిద్ర పోకుండా ఉండటానికే ఊ కొట్టిస్తారని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను భయంగా ఊ అంటే పులి ఇంకొంచెం దగ్గరికి వచ్చేదని, విసుగ్గా అంటే అన్న ఒక గుట్ట తగ్గించేవాడని అప్పుడు తలుచుకుంటే తెలిసింది.

మేడం నన్ను మైకు ముందు, అన్న పక్కన కూర్చోబెట్టింది. నేను ఊ అన్నాను. కథ కట్ట తెగినట్టు వచ్చింది. పూర్తయ్యాక ఆమె మైకు ఆపి నా వైపు తిరిగింది. నేను ఊ అనకపోతే కథ నిజంగానే ఆగిపోతుందా అని అడిగింది. పొద్దుగూకేదాకా అట్లనే కూర్చుంటాడని చెప్పాను. అయితే ఆట కూడా ఆగాలి అంది.

అట్లా చేశారు ఆ ఆటను. కీబోర్డు కింది పొడుగాటి మీట మీద కాగితం అంటించారు. దాని మీద ఊ అని రాసింది నేను. పిల్లలు దాన్ని నొక్కితే కథ కదులుతుంది. నొక్కకపోతే చిన్నవాడి మొకం కళ్లు తిప్పి వాళ్లనే చూస్తూ ఉంటుంది. ఆలస్యంగా నొక్కితే కథ ఏ దారిన పోతుందో, వెంట వెంటనే నొక్కితే ఏ దారి పడుతుందో అన్న చెబుతుంటే మేడం రాసుకునేది. చిన్నవాడు ఒక్కడే అన్ని దారుల్లో తప్పిపోవడం చూస్తుంటే, నాయన ఒక్క నోటితో ఇన్ని కథలు చెప్పాడా అనిపించింది.

ఆట చూపించే రోజు కూలివాళ్ల పిల్లలంతా వచ్చారు. హోటలాయన్ను కూడా అన్న ఆ రోజే రమ్మన్నాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే అని సంచి గుమ్మం దగ్గర పెట్టాడు. నేను ఆ సంచి వైపు చూడలేకపోయాను.

యార్డులో నాతో పనిచేసే ఆమె మనవరాలు మొదట కూర్చుంది. తెరలో అన్న గొంతు, పిల్ల వేలు కింద ఊ. చిన్నవాడు వాగు దాటాడు. పొదలో పులి మెదిలింది. పిల్ల మీట సంగతే మరిచిపోయింది. తెర మీది మొకం దాన్నే చూస్తోంది. ఎవరూ గుర్తు చేయలేదు. పిల్ల తెర వదిలేసి పక్కనున్న అన్న వైపు తిరిగింది.

"తాతా, పులి తింటదా?"

"నువ్వు ఊ అంటలేవు గదా."

"ఊ" అంది పిల్ల, అన్న మొకంలోకి చూస్తూ.

అన్న లేచి వెళ్లి సంచిలోంచి చిన్నవాడి మొకం తీశాడు. దాన్ని తన మొకం పక్కన పట్టుకుని పులి సంగతి చెప్పసాగాడు. పిల్లలందరూ ఊ అన్నారు. ఎప్పటిలాగే నాకూ నోరు తెరుచుకుంది. అంతమంది అంటుంటే నా ఊ ఎవరికి వినిపిస్తుందని ఊరుకుని, జీవితంలో మొదటిసారి ఆ కథను ఉత్తగా విన్నాను.

గుమ్మం దగ్గర హోటలాయన వచ్చి నిలబడ్డాడు. మొకాల సంగతేమిటని సైగ చేశాడు. అన్న కథ తెంపకుండానే చేయి ఎత్తాడు.

"జర ఆగు పటేలా. వినేటోళ్లున్నరు."

ఆయన కాసేపు చూసి, సంచి ముట్టకుండానే వచ్చిన బండి మీదే వెళ్లిపోయాడు. అన్న పులి దగ్గరే ఉన్నాడు.