సువార్తమ్మ టీచర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్

అది 2018. ఎండలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. కోదాడలో ఒక ఫిజీషియన్ డాక్టర్ దగ్గర నేను స్టాఫ్ నర్సుని. సర్కారు దవాఖానలో రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక అక్కడ చేరాను. డాక్టర్ చూడకముందే బీపీ, షుగర్, పల్స్ చూసి, ఏం మందులు వాడుతున్నారో అడిగి కాగితం మీద రాయడం నా పని. అడగడం అంటే ఏముందిలే అనుకుంటారు అందరూ. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. నేను చెబుతుంటే రాస్తున్నావు కదా, అది కూడా రాయి బిడ్డా, కొట్టేయకు.

ఒక సోమవారం పక్కనున్న చిలుకూరు నుంచి సువార్తమ్మ టీచర్ వచ్చారు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. వాళ్ల చర్చి నుంచి నలభై మంది యెరూషలేము యాత్రకు పోతున్నారు. పది రోజులు, మూడు దేశాలు. పెద్దవయసు వాళ్లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలన్నారట టూర్ వాళ్లు. అంటే ఈ మనిషి ప్రయాణం తట్టుకుంటుందని డాక్టర్ సంతకం పెట్టాలి.

"జర జల్ది ఇప్పియ్యి సిస్టర్. గురువారం ఫారాలు జమ చేస్తరట."

"ఏం గోలీలు వాడుతున్నరు టీచర్?"

"బీపీది ఒకటి, గుండెది ఒకటి, నీళ్ల గోలి ఒకటి. అన్నీ టైముకు వేస్కుంట. పిల్లలకు క్రమశిక్షణ నేర్పినదాన్ని, నాకుండదా ఏంది?"

నీళ్ల గోలి అంటే డైయురెటిక్. గుండె కొంచెం బలహీనంగా ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు చేరకుండా మూత్రంలో బయటికి పంపిస్తుంది. వేసుకున్నాక రెండు మూడు గంటలు మాటిమాటికీ బాత్రూంకు పోవాల్సిందే. మానేస్తే కాళ్లకు నీరొస్తుంది, ముదిరితే ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. అప్పుడు పరుపు మీద పడుకోను కూడా లేరు.

బీపీ బాగుంది. సిక్స్ మినిట్ వాక్ చేయించాను. వరండాలో ఆరు నిమిషాలు నడిపించి ఊపిరి, పల్స్ ఎట్లా ఉన్నాయో చూడటమన్నమాట. ఆమె నడకకు నేనే వెనకబడ్డాను. డాక్టర్ సంతకానికి పెన్ను కూడా తీశారు. ఫారానికి పిన్ను కొట్టిన టూర్ కాగితం మీద అప్పుడు పడింది నా కన్ను. తెల్లవారుజామున అయిదుకు లేవాలి, ఆరుకు బస్సెక్కాలి, రోజుకు నాలుగైదు చోట్లు చూడాలి, రాత్రికి ఇంకో ఊళ్లో హోటలు. పది రోజులూ అదే తీరు. వరండాలో ఆరు నిమిషాలు నడిచినంత మాత్రాన ఇదంతా చేయగలదని ఎట్లా చెప్పడం?

"సార్, రెండు రోజులు ఆగండి. నేను ఈమెను ఒకరోజు తిప్పుకొస్తా" అన్నాను. డాక్టర్ నవ్వారు గానీ పెన్ను పక్కన పెట్టారు.

బుధవారం నాకు సెలవు. పొద్దున ఆరున్నరకు కోదాడ బస్టాండులో కలిశాం. సూర్యాపేట పోయి బజారంతా తిరగాలి, అక్కడి నుంచి మిర్యాలగూడ పోయి మళ్లీ తిరగాలి, సాయంత్రానికి కోదాడ చేరాలి. టూరు వాళ్ల లెక్కలో ఇది సగం రోజు.

సూర్యాపేటలో ఆమె నన్ను ఉరికించారు. "ఏంది సిస్టర్, నాకు పరీక్ష పెడ్తనని నువ్వే ఫెయిలైతున్నవ్?" అని ఒకటే ఎగతాళి. నేనూ నవ్వాను. భయం కొంచెం తగ్గింది.

మధ్యాహ్నం మిర్యాలగూడలో బస్సు దిగుతుంటే కమ్మీ పట్టుకుని ఆగిపోయారు. రెండు మెట్లకే ఆయాసం. బెంచీ మీద కూర్చోబెట్టి చూస్తే చెప్పు పట్టీ పాదంలోకి దిగిపోయి ఉంది. మడమ పైన వేలితో నొక్కితే గుంట పడింది, వేలు తీసినా పూడలేదు. దీన్ని పిట్టింగ్ ఎడీమా అంటాం, ఒంట్లో నీరు నిలిచిందని గుర్తు. పొద్దున నేను కొనిచ్చిన నీళ్ల సీసా సీలు కూడా తీయలేదు.

"టీచర్, నీళ్ల గోలి వేస్కున్నరా?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "బస్సెక్కే రోజు ఎవరన్న వేస్కుంటరా?"

"మరి నిన్న?"

"నిన్న సుట్టాల పెండ్లికి పోలే? మొన్న నీ దగ్గరికొచ్చిన్నాడు సుత బస్సే గద."

మూడు రోజులు!

"టైముకు వేస్కుంటనంటిరి?"

"ఇంట్ల ఉన్నప్పుడు వేస్కుంటనే ఉంట. నువ్వు బస్సు సంగతి అడగలే గద సిస్టర్! నేను పనిచేసిన బడులల్ల ఎన్నిట్ల బాత్రూంలు ఉండె? పొద్దున బస్సెక్కితే మల్ల ఇంటికొచ్చినంకనే. గుక్కెడు నీళ్లు గుడ తాగకపోయేది. ముప్పై ఏండ్ల అలవాటు, ఇప్పుడెట్ల పోతది?"

సర్కారు నౌకరీలో ఊళ్లు తిరిగినన్నాళ్లు నేను చేసిందీ అదే. తెలిసుండీ అడగలేదు.

పదిరోజులూ బస్సే అయితే పదిరోజులూ గోలి లేదు, నీళ్లు లేవు. భాష రాని దేశంలో ఊపిరాడక కూర్చున్న మనిషి కళ్లముందు కనబడింది. అక్కడి నుంచే టూర్ ఆయనకు ఫోన్ చేశాను. "నడిమిట్ల ఒక్కరి కోసం బస్సు ఆపుతరా?" అంటే, "అట్ల కుదరదమ్మా, టైము తప్పితే లోపలికి రానియ్యరు, గ్రూపంతా ఆగమైతది" అన్నాడు. ఆయన తప్పు కాదు, ఆ టూరే అట్లాంటిది.

కోదాడకు తిరిగొచ్చేదాకా ఆమె కాళ్ల వైపే చూస్తూ, ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. దిగీదిగగానే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మందిచ్చి, ఆయాసం తగ్గాక చెప్పారు: "ఈ టూరుకు నేను సంతకం పెట్టనమ్మా."

టీచర్ నా మీద విరుచుకుపడ్డారు. "చర్చిల నా పేరు సదివిండ్రు సిస్టర్! అందరు సప్పట్లు కొట్టిండ్రు. ఇగ ఏమని చెప్పాలె? ఉచ్చకు బయపడి యేసయ్య తావు సూడకుండ ఉన్నదనుకోవాల్నా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. డాక్టర్ మాత్రం నెమ్మదిగా అన్నారు, "పోవద్దని అనలేదు. తక్కువ చోట్లు చూపించే టూరు వెతుక్కోండి. గోలి సాయంత్రం, హోటలు చేరాక వేసుకునేట్టు మారుస్తాను. కానీ నీళ్లు తాగాలి, అవసరమైతే బస్సు ఆపమనాలి. అది ఇక్కడే నేర్చుకుని రండి."

టీచర్ నెల రోజులు నా ఫోను ఎత్తలేదు. ఆ నెలంతా నేను చేసింది తప్పేమోనని ఒకటే గుబులు. తర్వాత ఒకరోజు ఆమే వచ్చారు. "సూర్యాపేట నుంచి వస్తుంటే బస్సు ఆపమన్న సిస్టర్. అందరు నా దిక్కే సూసిండ్రు. సూస్తే సూడనియ్యి." కాళ్లు చూశాను, వాపు లేదు. ఆ ఏడాది చివర పన్నెండు మంది గ్రూపుతో, ఒకే హోటల్లో ఉండి చుట్టుపక్కల చూసే టూరుకు డాక్టర్ సంతకం పెట్టారు. ఆమె తిరిగొచ్చేదాకా నాకు సరిగా నిద్ర లేదు. అక్కడ రెండుసార్లు బస్సు ఆపించారట. మొదటిసారి ఆమె ఒక్కతే దిగితే, రెండోసారి వెనకాలే ఇంకో అయిదుగురు ఆడవాళ్లు దిగారట.

ఆ తర్వాత టూరు ఫారం పట్టుకుని ఎవరొచ్చినా, గోలీలు వేసుకుంటున్నారా అని అడిగి ఊరుకోలేదు. బస్సెక్కే రోజు ఏమేం మానేస్తారని అడిగేదాన్ని. ఆడవాళ్లు వెంటనే చెప్పరు, పక్కనున్న కొడుకు వైపో అల్లుడి వైపో చూస్తారు. అందుకని ముందు ఆ మగవాళ్లను బయట కూర్చోమని పంపించి, తలుపు దగ్గరికేసి, అప్పుడు అడగాలి.