లెక్కలోకి రాని నూట పన్నెండు మంది

ఆస్పత్రిలో టోకెన్లిచ్చే కిటికీ వెనక పందొమ్మిదేళ్లుగా కూర్చున్న ఆమెను అందరూ టోకెనక్క అంటారు. కంప్యూటర్లో పోగైన వివరాల నుంచి రిపోర్టులు తీయడం ఈమధ్యే నేర్చుకుంది. ఆమె తీసిన తొలి రిపోర్టు తెర మీద నీలంగా విచ్చుకుంది. డాక్టరు కోసం రోగులు ఎదురుచూసే సమయం, సగటున పద్దెనిమిది నిమిషాలు.

సూపరింటెండెంట్ మురిసిపోయాడు. “ఇంకేం! రెండో డాక్టరు అక్కర్లేదని పైకి రాసేద్దాం.”

అక్కకు ఒళ్లు మండింది. పద్దెనిమిది నిమిషాలా? ఎండ తన కిటికీ ఎదుటి బెంచీల ఈ చివర నుంచి ఆ చివరికి పాకేదాకా కూర్చుని, వాడిపోయిన ముఖాలన్నీ ఆమెకు తెలుసు. కంప్యూటర్లోని వివరాలను వరుస వరుసా వెతికింది. విసిగి ఇంటికి వెళ్లిపోయినవాళ్లకు, డాక్టరును కలిసిన సమయం రాసే గడి ఖాళీగా ఉంది. సగటు కట్టేటప్పుడు కంప్యూటర్ ఆ ఖాళీలను వదిలేసింది. ఒక్క నెలలోనే నూట పన్నెండు మంది. ఆ సంగతే సూపరింటెండెంట్‌కు చెప్పింది.

“వెళ్లిపోయినోళ్లను పట్టుకుని వేలాడతావేంటమ్మా? వాళ్లసలు చూపించుకోలేదుగా!”

“నా మంటంతా అదే సార్! అందరికన్నా ఎక్కువసేపు కూర్చున్నోళ్లను తీసేస్తే, మీ సగటు ముచ్చటగానే ఉంటుంది.”

“నేర్చుకుని నెల కాలేదు, అప్పుడే నాకు పాఠాలా?”

“కంప్యూటర్ కొత్తే సార్. ఆ బెంచీలు కొత్త కాదు.”

పద్దెనిమిదికి పైన, దానికన్నా పెద్ద అక్షరాల్లో, ఎర్రగా కొట్టింది: చూపించుకోకుండా వెళ్లిపోయినవారు, 112.

తెరను ఆయన వైపు తిప్పింది.

“ఇప్పుడు రాయండి సార్, రెండో డాక్టరు అక్కర్లేదని.”